గండి కొట్టండి, కొట్టకండి

మూడు రోజుల ముసురు తర్వాత నాలుగో రోజు పొద్దున, జనగామలో మా దుకాణం షట్టరు సగం లేపి ఉండగా, మానుకోట నుంచి సార్ ఫోన్ చేశారు. మహబూబాబాద్‌ను మా వైపు అందరం మానుకోట అనే అంటాం. సార్ అక్కడ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఆయనా నేనూ హ్యామ్ రేడియో వాళ్లం. అంటే పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, సొంత సెట్టుతో గాలిలో మాట్లాడుకునేవాళ్లం. టవర్లు పడిపోయినా, కరెంటు పోయినా, ఒక బ్యాటరీ, ఒక తీగ ఉంటే మా మాట పోతుంది.

"అమ్మా, పెద్దవంగర అవతల ఫోన్లన్నీ బందైనయి" అన్నారు సార్. "అక్కడొక తండా ఉన్నది. తండా పైన చెరువు నిండింది. అక్కడి నుంచి ఒక్క మాట వస్తలేదు. భూపాలపల్లి దిక్కున్న మనోళ్లంతా మహదేవపూర్ కాడ గోదావరి ఒడ్డున ఉన్నరు. పడవలు గూడ అటే పోయినయి. నేను కలెక్టరాఫీసుల కంట్రోల్ రూంల కూసుంట. తండాకు నువ్వు పోగలవా?"

పోతానన్నాను.

నాకు ఈ పిచ్చి ముప్పై ఆరేళ్లకు పట్టింది. బెల్లం, నూనె, పప్పుల టోకు వ్యాపారం మాది. కాలేజీలో ఏదో శిబిరం జరుగుతుంటే సరుకు దింపించడానికి వెళ్లాను. బల్ల మీది పెట్టెలోంచి ఎవరో అస్సాం మనిషి తన ఊళ్లో వాన ఎలా పడుతోందో చెబుతున్నాడు. సార్ నా చేతికి మైకు ఇచ్చి "మాట్లాడమ్మా" అన్నారు. నోరు పెగల్లేదు. ఇంటికి వచ్చాక చెప్పవలసినవన్నీ గుర్తొచ్చాయి. ఏడాది తిరిగేసరికి పరీక్ష రాశాను. మా అత్తమ్మ వచ్చినవాళ్లందరితో "మా కోడలు గాలితోని మాట్లాడుతది" అనేది. కొన్నాళ్లకు తనే నా ఏరియల్ తీగ మీద చీరలు ఆరేసి, నేను లబలబలాడితే నవ్వేది.

ఇన్నేళ్లలో నేను రేడియోలో చెప్పినవి వాన సంగతులు, ఎండ సంగతులు, అవతలివాళ్ల గొంతు ఎంత బాగా వినిపిస్తోందన్న మాట. ఒకసారి జాతరలో తప్పిపోయినవాళ్ల పేర్లు చదివాను. నా మాట మీద ఎవరి ప్రాణమూ ఎన్నడూ ఆధారపడలేదు.

మా ఆయన దుకాణం మూసేసి ట్రాలీ ఆటో తీశాడు. సెట్టు, కారు బ్యాటరీ, తీగచుట్ట, టార్పాలిన్ వెనక వేసుకున్నాం. పాలకుర్తి మీదుగా పెద్దవంగర చేరేసరికి పది దాటింది. అక్కడి నుంచి ఆటో కదల్లేదు. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు పారుతున్నాయి. తండాకు ఖాళీ బస్తాలు తీసుకుపోతున్న ట్రాక్టరు ఒకటి దొరికింది.

"నేను గూడ వస్త" అన్నాడు మా ఆయన.

"నువ్వు ఈడనే ఉండు. వాపస్ పోయే తొవ్వ ఎట్లున్నదో చూడాలె గద" అన్నాను. నిజానికి ఇద్దరం ఒకేచోట ఇరుక్కుంటే ఇంట్లో అత్తమ్మకు ఎవరు చెబుతారన్నది నా భయం. ఆ మాట పైకి అనలేదు. అతనికీ అర్థమైనట్టుంది, మారు మాట్లాడకుండా బ్యాటరీని ట్రాక్టరు తొట్టిలోకి ఎత్తాడు.

తండా చెరువు కట్ట కిందనే ఉంది. కట్ట దిగితే వరి మళ్లు, ఆ మళ్లను ఆనుకుని ఇళ్లు. ఇళ్లకు అవతల చిన్న గుట్ట, గుట్ట మీద బడి. కట్ట ఎక్కి చూస్తే చెరువు అవతలి ఒడ్డు కనిపించలేదు. నీళ్లు కట్ట అంచుకు రెండు మూరల దూరంలో ఉన్నాయి. కట్టకు ఒక కొసన ఉన్న మత్తడి మీది నుంచి నీళ్లు తెల్లగా దూకుతున్నాయి. చెరువు నిండితే మిగులు నీళ్లు పోవడానికి కట్టిన రాతి గోడనే మా దగ్గర మత్తడి అంటారు. ఆ మత్తడి ఆ రోజు వస్తున్న నీళ్లకు చాలడం లేదు.

కట్ట మీద గొడుగు కూడా లేకుండా యూరియా బస్తా తల మీద కప్పుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఆయన నీరటి. తూము తెరవడం, మూయడం, కట్ట కాయడం తాతల నాటి నుంచి వాళ్ల పని.

"ఎవలు బిడ్డా నువ్వు? ఆఫీసరువా?"

"కాదు తాత. వైర్‌లెస్ తెచ్చిన. ఈడి సంగతి మానుకోటకు చెప్పెతందుకు."

"అయితే జల్ది చెప్పు. కట్టకు బుంగ పడ్డది."

కట్ట వెనక వాలులోకి తీసుకుపోయి చూపించాడు. అడుగు దగ్గర, గడ్డిలో, చేయి పట్టేంత రంధ్రం. లోపలి నుంచి నీళ్లు ఊరుతున్నాయి. దాన్ని చూస్తే భయపడవలసినంత పెద్దదిగా అనిపించలేదు. ఆయన మొహం చూస్తే భయం వేసింది.

కట్ట మీది రెండు తాటిచెట్లకు తీగ కట్టాలి. తండాలో ఆశా కార్యకర్తగా పనిచేసే అమ్మాయి ఒకామె పరిగెత్తుకొచ్చింది. పాతికేళ్లుంటాయి. చీర కొంగు నడుముకు చుట్టి, నేను రాయి కట్టి విసిరిన తాడును ఒడుపుగా పట్టుకుంది. టార్పాలిన్ కింద సెట్టు పెట్టి, బ్యాటరీ తగిలించి మీట తిప్పాను. మూడో పిలుపుకు సార్ గొంతు వినిపించింది. మామూలుగా మనలాగే మాట్లాడే మనిషి, రేడియో ముందు మాత్రం పాఠం చెబుతున్నట్టు పుస్తకంలో భాష మాట్లాడతారు. "వినిపిస్తున్నది. చెప్పండి. ఓవర్."

ఇరిగేషన్ ఇంజినీరు ఆయన పక్కనే ఉన్నాడు. వాగు దాటలేక మా దగ్గరికి రాలేకపోయాడు. ఆయన అడిగినవి సార్ అడిగారు. బుంగ ఎక్కడ, ఎంత, నీళ్లు ఏ రంగులో వస్తున్నాయి?

నేను దిగి దోసిట పట్టి చూశాను. టీ రంగులో ఉన్నాయి. అరచేతిలో మట్టి మిగిలింది.

"తేట నీళ్లయితే పరవాలేదు బిడ్డా" అన్నాడు నీరటి తాత. "మట్టి వస్తున్నదంటె కట్ట లోపల్నుంచి కరుగుతున్నది."

అదే చెప్పాను. తర్వాత సార్, ఒక్కో మాట విడదీసి: "తండా మొత్తాన్ని బడి దగ్గరికి తరలించండి. వెంటనే. ఓవర్."

ఆశా చెల్లె ఇళ్లలోకి పరిగెత్తింది. కట్ట మీద నుంచి నాకు ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. తెలుగు కాదు, వాళ్ల ఇంటి భాష. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఏమంటున్నదో తెలిసిపోతోంది. ముందు పిల్లల తల్లులు బయటికొచ్చారు. తర్వాత మూటలు, గిన్నెలు, ఒక మంచం మీద నడవలేని మనిషిని మోసుకుంటూ నలుగురు. మళ్లను ఆనుకున్న చివరి వరసలో ఒక ఇంటి నుంచి మాత్రం ఒక పెద్దావిడ కదల్లేదు. చేతుల నిండా గాజులు, తెల్లబడ్డ జుట్టు. పాకలో కట్టేసిన రెండు బర్రెల మధ్య నిలబడింది. ఆశా చెల్లె ఆమె చేయి పట్టుకుని లాగి తీసుకురావలసి వచ్చింది.

"అందరు వచ్చిండ్రా?" అని అరిచాను.

"మనుషులందరు వచ్చిండ్రక్కా" అని గుట్ట దారి నుంచి అరిచింది.

నేను సార్‌కు అదే చెప్పాను. తండా ఖాళీ అయింది, అందరూ బడి దగ్గర ఉన్నారు.

అప్పుడు తండా మగవాళ్లు పదిహేను మంది గడ్డపారలు, పారలు పట్టుకుని కట్ట ఎక్కారు. వాళ్లలో పెద్దమనిషి నా ముందు నిలబడ్డాడు. "అక్కా, మత్తడి పక్కన గండి కొడతం. నీళ్లు దిగితె కట్ట నిలుస్తది. మా ఇండ్లు నిలుస్తయి."

నేను నీరటి తాత వైపు చూశాను. "ఆయన చెప్పేది నిజమే" అన్నాడు. "ఆడ కింద రాతి నేల. కొట్టినంత మేరనే తెగుతది, కట్ట మొత్తం పోదు. కాని నీళ్లు ఒక్కపారి వాగుల పడ్తయి. వాగు కింద ఇంకో ఊరున్నది. సర్కారు మాట లేంది నేనైతె పార ముట్ట."

"అడుగు మరి" అన్నాడు పెద్దమనిషి నాతో.

అడిగాను. సార్ ఆగమన్నారు. ఇంజినీరును అడుగుతున్నారని అర్థమైంది. ఆ ఆగడంలో ఉరుములు మొదలయ్యాయి. పట్టపగలే ఆకాశం పొయ్యి వెనక గోడలా నల్లబడింది. మెరిసినప్పుడల్లా సెట్టులో పెనంలో నీళ్లు చల్లినట్టు చటచటలు. ఉరుము వస్తే తీగను సెట్టు నుంచి పీకెయ్యాలి. మాకు నేర్పే మొదటి పాఠం అది. పిడుగు తాటిచెట్టును వెతుక్కుంటూ వస్తుంది, నా తీగ రెండు కొసలూ తాటిచెట్లకే ఉన్నాయి. పీకడానికి చేయి పెట్టి, వెనక్కి తీసుకున్నాను. పీకితే జవాబు రాదు.

సార్ గొంతు వచ్చింది. చటచటల మధ్య తేలుతూ మునుగుతూ.

"...పక్కన గండి కొట్ట... డి. మళ్లీ చెబుతున్నాను, గండి కొట్ట..."

పిడుగు ఎక్కడో దగ్గరలో పడింది. చెవులు గింగురుమన్నాయి.

"కొట్టుమన్నడా?" అన్నాడు పెద్దమనిషి. పక్కనున్న ఇద్దరు అప్పటికే మత్తడి వైపు అడుగులు వేశారు.

నాకు "కొట్టండి" అనే వినిపించింది. కానీ "కొట్టకండి" అన్నా చటచటలో ఆ ఒక్క అక్షరం పోయి అలాగే వినిపిస్తుంది. సార్ మనలాగే మాట్లాడి "కొట్టొద్దు" అని ఉంటే ఈ తిప్పలు లేవు. చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆగుండ్రి. సాఫ్ వినరాలే."

"ఎంతసేపు ఆగాలె?" అన్నాడు. గొంతు పెంచలేదు. "బుంగ పెద్దగైతున్నది, చూడు."

నిజమే. ఇందాక చేయి పట్టిన చోట ఇప్పుడు చిన్న బిందె పడుతుంది. నీరటి తాత, ఇంకా నలుగురు బస్తాల్లో మట్టి నింపి దాని చుట్టూ పేరుస్తున్నారు. నేను మైకులో ఐదారుసార్లు పిలిచాను. గొంతులాంటిదేదో వచ్చింది, మాటలు లేవు. నా మాట అవతలికి పోతోందో లేదో తెలియదు. ఒక తప్పు మాట చెబితే కింది ఊరు, చెప్పకపోతే ఈ తండా. ఇంత చిన్న పెట్టె ముందు నన్ను ఎవరు కూర్చోబెట్టారని ఏడుపొచ్చింది.

అప్పుడు మోర్స్ కీ గుర్తొచ్చింది. పూర్వం తంతి ఆఫీసుల్లో టకటకమని కొట్టేవాళ్లే, అలాంటిది సార్ దగ్గర ఎప్పుడూ ఉంటుంది. మాట చటచటలో కొట్టుకుపోతుంది కానీ కీ నొక్కితే వచ్చే కూత సన్నగా, సూటిగా దాన్ని చీల్చుకుని వస్తుంది.

"సార్, మాట వద్దు. కీ వాడండి. గండి కొట్టాలంటే ఒక్క కూత. వద్దంటే మూడు కూతలు. మళ్లీ మళ్లీ పంపండి." ఇదే నాలుగుసార్లు చెప్పి, చెవి పెట్టెకు ఆనించాను. వాన టార్పాలిన్ మీద పడే చప్పుడు కూడా నాకు అడ్డంగానే అనిపించింది.

ఒక కూత వచ్చింది. స్పష్టంగా. ఆ వెంటనే మెరుపు, చటచట.

ఆ కూత నాతో పాటు వాళ్లూ విన్నారు. "ఒక్కటే" అన్నాడు ఎవరో. గడ్డపారలు లేచాయి.

"ఉండుండ్రి, ఉండుండ్రి. ఇంకోపారి విననియ్యిండ్రి." లేచి వాళ్లకు అడ్డంగా నిలబడ్డాను. పెట్టె చప్పుడు చెవికి అందేంత దూరమే నిలబడగలను. పెద్దమనిషి నన్ను తోసుకుని పోవచ్చు. పోలేదు. నా మొహంలోకి చూస్తూ ఆగాడు.

మళ్లీ వచ్చాయి. ఒకటి, రెండు, మూడు. కొంచెం ఆగి, ఒకటి, రెండు, మూడు. ఇంకొకసారి. మూడే.

"వద్దంటున్నరు" అన్నాను.

ఒకతను గడ్డపారను మట్టిలో గట్టిగా గుచ్చాడు. పెద్దమనిషి పార తీసుకుని బుంగ దగ్గరికి దిగాడు. మిగిలినవాళ్లు ఆయన వెనకే దిగారు. వరిగడ్డి మోపులు, మట్టి బస్తాలు, చివరికి నా టార్పాలిన్ కూడా అడిగితే ఇచ్చేశాను. దాన్ని నీళ్ల వైపు కట్టకు దుప్పటిలా పరిచి బస్తాలు వేశారు. సెట్టు తడవకుండా దాని మీదికి వంగి, నా వీపునే కప్పు చేసుకుని కూర్చున్నాను.

గంటకు పైగా అలాగే గడిచింది. ఉరుములు దూరం జరిగాయి. సార్ గొంతు తిరిగి దొరికింది.

"ఇప్పుడు కొట్టవచ్చు. వాగు దారి ఖాళీ అయింది. తవ్వండి, తవ్వండి, తవ్వండి. అర్థమైందా? ఓవర్."

ఈసారి నేనే అరిచాను. అందరూ మత్తడి పక్కకు పరిగెత్తారు. అరగంటలో నీళ్లు కాలువలా తోసుకుని వాగులో పడ్డాయి. చెరువు మట్టం జానెడు దిగిందో లేదో, బుంగ దగ్గరున్న నీరటి తాత చేతులు పైకెత్తి అందరినీ ఎక్కిరమ్మని అరిచాడు. అందరం గుట్ట వైపున్న కొసకు ఉరికాం. బ్యాటరీ వదిలేశాను, సెట్టు చంకలో పెట్టుకున్నాను. వెనక్కి తిరిగి చూసేసరికి కట్ట మధ్యలో మనిషి వెడల్పున కుంగింది, తర్వాత ఎడ్లబండి పట్టేంత తెగింది. నీళ్లు ఎర్రగా మళ్ల మీదుగా పోయి, తండా చివరి వరస ఇళ్లను తాకి, గోడల్ని ఒకదాని వెనక ఒకటి కూర్చోబెట్టాయి. చప్పుడు పెద్దగా రాలేదు. మట్టి గోడలు కూలితే చప్పుడు రాదు.

మిగిలిన రెండు వరసలు నిలిచాయి. గండి కొట్టి కొంత నీళ్లు దించడం వల్లనే నిలిచాయని నీరటి తాత అన్నాడు. ఒక్క మనిషికీ ఏమీ కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం మానుకోట కంట్రోల్ రూంలో సార్‌ను కలిశాను. ముందురోజు పొద్దున కూర్చున్న కుర్చీలోనే ఉన్నారు. గొంతు బొంగురుపోయింది.

"సార్, మీరు 'కొట్టకండి' అంటే నాకు 'కొట్టండి' అన్నట్టు వినిపించింది. కొద్దిలో తప్పిపోయింది" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "లేదమ్మా. నువ్వు సరిగ్గనే విన్నవు. ముందు నేను కొట్టండి అనే చెప్పిన. ఇంజినీరు కొట్టుమన్నడు. రెండోసారి చెబుతుండంగనే కింది ఊరి నుంచి పోలీసు వైర్‌లెస్‌ల కబురొచ్చింది. ఆ ఊరోళ్లను ఎక్కించుకొని వస్తున్న రెండు ట్రాక్టర్లు వాగు దాటే మోరి వంతెన మీద ఆగిపోయినయట. ఇంజినీరు నా చేతిల మైకు పట్టుకున్నడు. అప్పటి నుంచి కొట్టకండి, కొట్టకండి అని మొత్తుకుంటనే ఉన్న. నువ్వు వింటున్నవో లేదో తెలువదు. నువ్వు కీ అడిగినంక గూడ, మొదటి కూత పోయినప్పుడు, మిగిలిన రెండు నీకు అందకపోతె ఎట్లనని భయపడ్డ."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. అక్షరం పోయిందనుకుని ఆగాను. అక్షరం పోలేదు. నా చెవిని నేను నమ్మి ఉంటే, చెవి చెప్పింది నిజమే అయి ఉండేది, ట్రాక్టర్లలో ఉన్నవాళ్లు కొట్టుకుపోయి ఉండేవాళ్లు. మంచి పని చేశావని సార్ అన్నారు. నేను చేసింది అనుమానపడటం ఒక్కటే.

అప్పటి నుంచి మా ఆదివారం ప్రాక్టీసులో కొత్తగా వచ్చేవాళ్లకు ఒకటి చెబుతున్నాం. ఒక్క అక్షరంతో తిరగబడే మాట గాలిలో వాడొద్దు. పని చేయాలంటే ఒక మాట, ఆపాలంటే దానికి పోలికే లేని ఇంకో మాట. సార్ కూడా రేడియోలో పుస్తకంలో భాష మానేశారు. "వద్దు" అంటారు, మూడుసార్లు.

రెండు వారాల తర్వాత బియ్యం, నూనె, పప్పు వేసుకుని మా ఆయనా నేనూ తండాకు వెళ్లాం. రోడ్డు బాగు చేశారు. ఆశా చెల్లె ఎదురొచ్చి ఇల్లిల్లూ తిప్పింది. చివరి వరసలో గోడలు లేని చోట, రేకుల కింద, ఆ రోజు బర్రెల మధ్య నిలబడ్డ పెద్దావిడ కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది. తన భాషలో ఏదో అంది. ఆశా చెల్లె తెలుగులోకి చెప్పడానికి తడబడింది. దాంతో ఆమే తెలుగులో అడిగింది.

"బిడ్డా, ఆ డబ్బల అన్ని మాట్లాడినవు గద. మా బర్రెల మాట ఎవలన్న అడిగిండ్రా?"

రెండూ కట్టేసిన చోటే పోయాయి. వాటి పాలతోనే ఆమె ఇల్లు నడిచేదని దారిలో ఆశా చెల్లె చెప్పింది. బర్రె మెడ తలుగు విప్పడానికి ఎంతో సేపు పట్టదు. తండా ఖాళీ అయ్యాక కట్ట తెగేదాకా మాకు రెండు గంటల పైనే సమయం ఉంది. గడ్డపారలు పట్టుకుని పదిహేను మంది ఖాళీగా నిలబడ్డ సమయం కూడా అందులో ఉంది.

"అడగలేదు యాడీ" అన్నాను. వాళ్ల భాషలో తల్లిని అలా అంటారని నాకు తెలుసు. "నేను గూడ చెప్పలే."

ఆమె నన్ను తిట్టలేదు. పరవాలేదని కూడా అనలేదు. పక్కనున్న పీట నా వైపు జరిపింది. కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం తెగిన కట్ట వైపు చూస్తూ ఉన్నాం. అక్కడ కూలీలు మట్టి పోస్తున్నారు. నీరటి తాత వాళ్ల మధ్య నిలబడి, ఎక్కడ గట్టిగా తొక్కాలో చూపిస్తున్నాడు.